ఎవరి ధ్యానం

వరదరాజు నాలుగో పళ్ళెం పెట్టడం మొదలుపెట్టి అప్పటికి పది రోజులైంది. ఇంట్లో ఉండేది ముగ్గురే: అతను, భార్య ఇందుమతి, తొమ్మిదేళ్ల కూతురు మైథిలి. మొదటిరోజు ఇందుమతి పొరపాటేమో అనుకుంది. రెండోరోజు నవ్వింది. మూడోరోజు ఆ నవ్వు రాలేదు.

"ఎవరొస్తున్నారండీ?" అని పదోరోజు అడిగింది.

"ఎవరో వస్తామన్నారు కదా?"

"ఎవరు?"

వరదరాజు పళ్ళెం వంక చూశాడు. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టు పెదవులు కదిలించాడు. "అదే గుర్తుకు రావడం లేదు ఇందూ," అన్నాడు తీరిగ్గా. ఆ తీరిక చూస్తే ఆమెకు భయం వేసింది. నాలుగు నెలలుగా అతనికి దేనిమీదా కంగారు లేదు. ఆ కంగారు తీసేసింది ఇందుమతే.

వరదరాజు మృదంగం మాస్టారు. రెండేళ్ల కిందట తిరుపతిలో ఒక కచేరీ మధ్యలో ఉన్నట్టుండి అతని చేతులు వణకడం మొదలైంది. చూసిన డాక్టర్లందరూ చేతుల్లో ఏ లోపమూ లేదన్నారు, ఉన్నదంతా మనసులోనే అన్నారు. ఆ మాట విని సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు. ఏడాదిన్నర పాటు మృదంగం గవిసెనలోంచి బయటికి రాలేదు. శిష్యులు ఒక్కొక్కరే వేరే మాస్టార్లను చూసుకున్నారు.

ఇందుమతి పనిచేసేది తిరుపతి ఊరి చివర, మెదడు మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో. అక్కడ తయారైన తలపట్టీ పేరు 'నిమ్మళం'. రోజుకు ఇరవై నిమిషాలు పెట్టుకుంటే చాలు, ఇంకొకరి మెదడులోని ప్రశాంతత మన మెదడుకు మెల్లగా అలవాటవుతుంది. పరీక్షకు అరవై రెండు మందిని తీసుకున్నారు. సొంతవాళ్లను చేర్చకూడదని నియమం. ఇందుమతి ఆ నియమం చదివింది, కింద సంతకం పెట్టింది, ఆ తర్వాత జాబితాలో మొదటి పేరుగా భర్త పేరే రాసింది. మూడో వారానికి వరదరాజు మృదంగం ముందు కూర్చున్నాడు. చేతులు వణకలేదు. ఆ రోజు వంటింట్లో తలుపు వేసుకుని ఆమె ఏడ్చిన ఏడుపు పూర్తిగా సంతోషమే.

ప్రయోగశాల పెద్ద పరాంకుశంగారు. అరవై దాటిన మనిషి. జపాన్‌లో ఆరేళ్లు చదువుకుని, చదువుతో పాటు జెన్ ధ్యానపద్ధతిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గదిలో ఒక మూల చెక్కతొట్టి నిండా తెల్ల ఇసుక, అందులో మూడు రాళ్లు, పక్కన చిన్న దంతె. ఏమీ తోచనప్పుడు ఇసుకలో గీతలు లాగుతూ కూర్చునేవాడు. టీ తాగడం ఆయనకు పూజతో సమానం. కప్పును రెండు చేతులతో పట్టుకుని ఒక్కో గుక్కా ఆస్వాదిస్తుంటే, సంతకం కోసం వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర కాళ్లు మార్చుకుంటూ నిలబడేవాళ్లు. మంచివాడే. తన ప్రశాంతతకు ఎంతమంది కాపలా కాస్తున్నారో మాత్రం ఆయనకు తెలియదు.

"ఈ మాట మనదేనమ్మా," అనేవాడు ఇందుమతితో. "ధ్యానం! ఇక్కడినుంచి చైనా పోయి చాన్ అయింది, జపాన్ పోయి జెన్ అయింది. ఇప్పుడు మనం దాన్ని మళ్లీ ఇంటికి తీసుకొస్తున్నాం."

ఇంటికి తీసుకురావడానికి పదకొండు మంది మెదళ్లను నమోదు చేశారు. జపాన్ నుంచి వచ్చిన జెన్ సన్యాసి ఒకరు, ఒక మఠంలోని పెద్దాయన, దర్గాలో ఉండే ఫకీరు, వీణ విద్వాంసుడు, ఇంకా అలాంటివాళ్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు గీసే మునెమ్మ పదకొండో మనిషి. పద్ధతి సులువే. తలకు తీగలు పెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకోవాలి. ధ్యానం కుదిరినప్పుడల్లా ఎడమ చేత్తో బల్ల మీద ఒకసారి తట్టాలి. ఆ తట్టిన క్షణాల్లో మెదడు ఎలా ఉందో యంత్రం పట్టుకుంటుంది.

పదిమంది ప్రశాంతత ఎదుటివాళ్ల తలలో రెండు నిమిషాలు కూడా నిలవలేదు. జెన్ సన్యాసిది అసలు అంటుకోనే లేదు. మునెమ్మది మాత్రం పట్టుకుంది, రోజురోజుకూ గట్టిపడింది. పరాంకుశంగారు పొంగిపోయాడు. చదువురాని ఒక చేతిపని మనిషి సన్యాసులను మించిపోయిందని సభల్లో చెప్పుకున్నాడు. అరవై రెండు పట్టీల్లోనూ ఉన్నది మునెమ్మ ఒక్కతే.

నాలుగో పళ్ళెం సంగతి ఇందుమతి ప్రయోగశాలలో చెప్పలేదు. చెబితే జాబితాలో మొదటి పేరు ఎవరిదో అందరికీ తెలుస్తుంది. ఒకరోజు మైథిలి బడినుంచి వచ్చి సంచి విసిరేసి, "నాన్నతో నేనింక బజారుకు పోను," అంది.

"ఏమైందే?"

"నా చెయ్యి పట్టుకోడం లేదు. ఎడమ పక్కకు వస్తే, ఈ పక్క కాదమ్మా, ఆ పక్కకు రా అంటాడు. ఈ పక్కన ఎవరూ లేరు కదమ్మా?"

మర్నాడు సాయంత్రం ఇందుమతి కూతుర్ని బుజ్జగించి పంపి, వాళ్లిద్దరి వెనకాలే గాంధీ రోడ్డులో నడిచింది. వరదరాజు ఎడమ చెయ్యి కొంచెం కిందికి దిగి, వేళ్లు మడుచుకుని ఉన్నాయి. జనం ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఆ వేళ్లు బిగుసుకున్నాయి. చేతి కింద గాలి తప్ప ఏమీ లేదు. కుడిపక్క మైథిలి తండ్రి చొక్కా అంచు పట్టుకుని నడుస్తోంది. 

ఆ వారమే ఆమె మిగిలిన అరవై ఒక్క మందికీ ఫోన్లు చేసింది. అందరూ బాగున్నామనే అన్నారు. ఇళ్లలోవాళ్లను అడిగితే వేరే మాట వచ్చింది. ఆస్పత్రి నర్సు రెడ్డెమ్మ బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. రిటైరైన పోస్టుమాస్టరు సుబ్బరామయ్య నాలుగయ్యేసరికి గేటు దగ్గరికి పోయి, చీకటి పడేదాకా కళ్లలో వత్తులు వేసుకుని నిలబడుతున్నాడు. ఎవరికోసమని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. ఎవరో రావాలి, పేరు గుర్తు రావడం లేదు. నడిచేటప్పుడు అందరి ఎడమ చెయ్యీ కొంచెం కిందికే దిగి ఉంది.

ఆమె పరాంకుశంగారికి అంతా చెప్పేసింది, భర్త పేరుతో సహా. ఆయన తిట్టలేదు. పట్టీలన్నీ ఆపించాడు. కానీ పట్టీ తీసేసిన నెలకు కూడా వరదరాజు పళ్ళెం పెడుతూనే ఉన్నాడు. మెదడు ఒకసారి నేర్చుకున్నదాన్ని వదలలేదు. అతని చేతులు వణకడం లేదు, ఎదురుచూపూ పోవడం లేదు.

ఇందుమతి మునెమ్మ నమోదు వీడియో మళ్లీ తీసింది. రెండు గంటల పని. తెల్లటి గుడ్డ మీద కలం నడుస్తోంది. వెదురుపుల్లకు గుడ్డపేలిక చుట్టి దారంతో కట్టిన కలం అది. కొంచెం ఒత్తితే రంగు దిగుతుంది, ఎక్కువ ఒత్తితే ముద్దయిపోతుంది. రెండు గంటల్లో మునెమ్మ పంతొమ్మిదిసార్లు తట్టింది. విచిత్రమేమిటంటే, జానెడు పొడుగు గీతను ఊపిరి బిగబట్టి లాగుతున్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇంతవరకూ ఎవరూ ఈ వీడియోలో చప్పుడు వినలేదు, మెదడు గీతల లెక్కకు చప్పుడు అడ్డమని మూసేశారు. ఇందుమతి చప్పుడు తెరిచింది. సందులో బడి గంట మోగింది. మునెమ్మ తట్టింది. ఐసు బండి బూర ఊదుకుంటూ పోయింది. తట్టింది. ఎవరో పిల్ల పరిగెత్తుతుంటే కాలి పట్టీలు ఘల్లుమన్నాయి. కలం ఆగింది, మునెమ్మ తల గుమ్మం వైపు తిరిగింది, ఎడమ చెయ్యి బల్ల మీద తట్టింది.

మర్నాడు ఉదయం ఇందుమతి శ్రీకాళహస్తి బస్సెక్కింది.

మునెమ్మ ఇంటి ముందు కరక్కాయ రసంలో, పాలలో ముంచిన గుడ్డలు ఆరుతున్నాయి. పచ్చిపాల వాసన సందు చివరిదాకా కొడుతోంది. మునెమ్మ నల్లరంగు కుండమీద మూత తీసి, బెల్లంనీళ్లలో ఊరే ఇనుపముక్కలను కర్రతో కలుపుతోంది.

"రా పాపా, కూచో. ఇంగా తీగలు పెట్టాల్నా?"

"లేదు పెద్దమ్మా. ఒక మాట అడగాలి. ఆ రోజు మీరు బల్ల మీద తట్టారే, ఎందుకు తట్టారు?"

మునెమ్మ విచిత్రంగా చూసింది. "నువ్వే గదా చెప్పినావు? ధ్యానం వచ్చినప్పుడంతా తట్టమని."

"అవును. ధ్యానం అంటే..."

"వచ్చినప్పుడంతా తట్టినా. ఒక్కటి గూడా మర్సలేదు."

 "ఎవరి ధ్యానం పెద్దమ్మా?"

"ఇంగెవురి ధ్యానం ఉంటాది నాకు? మా చెంగమ్మ ధ్యానమే."

మునెమ్మ కుండమీద మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది. ఇరవై ఏడేళ్ల కిందట శివరాత్రి తిరునాళ్లలో ఆరేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని పోయింది. జనం తోసుకొచ్చినారు. ఎడమచేతిలో ఉండిన పిల్ల చెయ్యి జారిపోయింది. అంతే. బతికుందో లేదో ఎవరూ చెప్పలేదు, చెప్పినా మునెమ్మ వినలేదు. పోలీసులు ఏడాదికి కాగితాలు మూసేసినారు. మొగుడు కర్మ చేద్దామన్నాడు. మునెమ్మ ఆయన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టినంత పని చేసింది. ఆయన చనిపోయి కూడా పదేళ్లయింది.

"మరి గీత గీసేటప్పుడు?" అని అడిగింది ఇందుమతి. "అప్పుడు మనసులో ఏముంటుంది?"

"గీసేటప్పుడేముంటాది పాపా? గీతుంటాది."

ఇందుమతికి అవ్వ గుర్తొచ్చింది. చిన్నప్పుడు పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తుంటే అవ్వ మొట్టికాయ వేసి, "నీ ధ్యానం యాడుందే?" అనేది. ఊరినుంచి చుట్టాలొస్తే, "నీ ధ్యానమే చేస్తా ఉండినాము," అనేది. ఆ మాట ఇంట్లో వెయ్యిసార్లు వినే పెరిగింది. చదువుకుని, ప్రయోగశాలలో చేరి, అదే మాటను చైనా మీదుగా, జపాన్ మీదుగా నేర్చుకుంది. సముద్రాలు దాటి అదేమైందో పరాంకుశంగారి దగ్గర పుస్తకాలున్నాయి. ముప్పై ఆరు కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తిలో అదేమైందో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆమెకు సిగ్గుతో తలకొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం పరాంకుశంగారు టీ కప్పు పట్టుకుని అంతా విన్నాడు.

"అయితే మనం పంచిపెట్టింది తలపు," అన్నాడు. "ఒక తల్లి తలపు. పిల్ల పేరు, ముఖం యంత్రానికి అందలేదు. ఎదురుచూపు మాత్రం అందింది."

"అందుకే అది అందర్నీ పట్టుకుంది సార్. సన్యాసులది పట్టుకోదు కదా, వాళ్లు వదిలేసుకున్నవాళ్లు."

"మరి అసలు ధ్యానం?"

"తట్టని చోట ఉంది. జానెడు గీతల్లో. మామూలు పని అని మనం తీసేశాం."

పరాంకుశంగారు చేతిలోని కప్పు కింద పెట్టాడు. టీ తాగడం మర్చిపోయాడు. ఇన్నేళ్లలో ఇందుమతి అది చూడటం మొదటిసారి.

ఇంట్లో మాత్రం కారణం తెలిసినంత మాత్రాన ఏదీ మారలేదు. ఇందుమతి భర్తను కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. ఎవరూ రారండీ, ఆ పిల్ల మనకేమీ కాదు, ఎక్కడో ఎప్పుడో తప్పిపోయింది అంది. వరదరాజు శ్రద్ధగా విన్నాడు, తలూపాడు. "పాపం," అన్నాడు. మళ్లీ గుమ్మం వైపు చూశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మైథిలి తన పళ్ళెం వదిలి, పోయి ఆ నాలుగో పళ్ళెం ముందు కూర్చుంది.

"నాన్నా, వచ్చేది నేనే అనుకో. వచ్చేశాను. సరేనా?"

వరదరాజు కూతురి తల నిమిరాడు. ఎంతో నెమ్మదిగా, ఎంతో ప్రేమగా, "ఆ చోటు ఖాళీగా ఉంచాలమ్మా. లేచి నీ చోటికి రా," అన్నాడు.

మైథిలి లేచింది. అన్నం తినలేదు. ఇందుమతికి ఆ క్షణంలో భర్త మీద, మునెమ్మ మీద, ఎప్పుడూ చూడని ఆ ఆరేళ్ల పిల్ల మీద కూడా పట్టరానంత కోపం వచ్చింది. అన్నింటికంటే తన మీద వచ్చింది.

మునెమ్మకు చెప్పకూడదనే అనుకుంది. ఆ మనిషి కూతుర్ని ఆమెను అడగకుండానే అరవై రెండు ఇళ్లకు పంచారు. ఆ సంగతి కూడా ఆమె నెత్తిన పెట్టడం ఎందుకు? అయినా చెప్పకపోవడం ఇంకా పెద్ద మోసమనిపించి, మళ్లీ శ్రీకాళహస్తి పోయి చెప్పేసింది. మైథిలి నాలుగో పళ్ళెం దగ్గర కూర్చున్న సంగతి చెబుతుంటే మాట పూర్తికాలేదు.

మునెమ్మ చేతిలోని కలం పక్కన పెట్టింది.

"వాళ్లకు నువ్వు చెప్తే వినరు," అంది. "నాకెంతమంది చెప్పినారు పాపా! ఎస్సై చెప్పినాడు, మా ఆయన చెప్పినాడు, సోది చెప్పేది గూడా చెప్పింది. నేనిన్నానా? పోగొట్టుకోనోళ్లు చెప్తే ఎవురింటారు? పోగొట్టుకున్నోళ్లే చెప్పాల."

"మీరు ఎప్పుడైనా అనుకున్నారా పెద్దమ్మా... రాదని?"

"మనసులో గూడా అనలే." మునెమ్మ దండెం మీద ఆరుతున్న గుడ్డల వైపు చూసింది. "ఇన్ని బొమ్మలు గీసినా గదా. వస్తే సూపీయాల, ఇదిగో మీయమ్మ ఇంత నేర్సుకునింది అని. ఆ మాట అనేస్తే ఇంగెవురికి సూపీయాల?"

వచ్చి ఆ మాట మీరే చెప్పండని ఇందుమతికి నోటిదాకా వచ్చింది. అడిగే ధైర్యం లేదు. రెండు రోజులకు, ఉదయం పదిగంటలకు, మునెమ్మే ప్రయోగశాల గేటు దగ్గర నిలబడి ఉంది. ఉతికిన చీర, నూనె రాసి ముడివేసిన జుట్టు, చేతిలో సంచి.

"మీ ఆయన్ని పిలువు," అంది.

గదిలో రెండు కుర్చీలు వేశారు. ఇందుమతి గోడపక్కన నిలబడింది. గుమ్మం దగ్గర మైథిలి, ఆమె వెనక పరాంకుశంగారు. వరదరాజు వచ్చి, ఒక కుర్చీని కుడివైపుకు జరుపుకుని కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమ పక్కన చోటు వదిలాడు. మునెమ్మ ఆ చోటును చూసింది. రెండో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఎవురికోసరం సూస్తా ఉండావు నాయినా?"

"తెలియదమ్మా. వస్తారు."

"ఆరేండ్ల పిల్ల. పచ్చగౌను. కుడిచేతిలో మరమరాల పొట్లం ఉంటాది."

వరదరాజు కళ్లు వెడల్పయ్యాయి. "అవును," అన్నాడు.

"పేరు చెంగమ్మ."

"చెంగమ్మ!" ఇన్నాళ్లూ వెతికిన పేరు దొరికిన సంతోషం అతని ముఖమంతా పాకింది. ఇందుమతి ఆ ముఖం చూడలేక తల తిప్పుకుంది. "ఎక్కడుందమ్మా? వస్తోందా?"

మునెమ్మ నోరు తెరిచింది, మూసింది.  ఆమె అతని ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రాదు నాయినా."

వరదరాజు తన ఎడమ పక్కనున్న ఖాళీ చోటు వైపు చూశాడు.

"ఇరవై ఏడేండ్లు సూసినా. నీకంటే శానా ఎక్కువ సూసినా. ఆ పిల్ల రాదు. పోయింది."

ఆ ఎదురుచూపు ఏ మనిషిలో పుట్టిందో ఆ మనిషి మాటకే లొంగింది. తర్వాత దానికి పరాంకుశంగారు ఏదో పెద్ద పేరు పెట్టి రాసుకున్నాడు. అప్పుడు మాత్రం అందరూ చూసింది వరదరాజు ఏడవడమే. తను కనని, చూడని పిల్లకోసం అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తుంటే మొదట వేళ్లు, తర్వాత మణికట్లు, చివరికి రెండు చేతులూ మోచేతుల దాకా వణకడం మొదలైంది. పాత వణుకే. ఇక ఇంట్లో మృదంగం మళ్లీ మూతపడుతుందని ఇందుమతికి అర్థమైంది. ఆమెకు బాధ కలిగింది, ప్రాణం లేచొచ్చినట్టూ అయింది.

"మైథీ," అన్నాడు వరదరాజు, గుమ్మం వైపు చూసి. "అక్కడెందుకు నిలబడ్డావు? రా."

మైథిలి ఏ పక్కకు పోవాలో తెలియక ఒక్క క్షణం ఆగింది. తర్వాత పరిగెత్తింది.

వాళ్లు బయటికి పోయాక మునెమ్మ కుర్చీలోనే ఉండిపోయింది. ముఖం ఒక్కసారిగా పదేళ్లు ముదిరినట్టుంది. ఇందుమతి నీళ్లు తెచ్చి ఇచ్చింది. పరాంకుశంగారు దగ్గరికొచ్చి, చేతులు జోడించి, మెల్లగా అన్నాడు. "అమ్మా, మీరు ఆ మాట అన్నప్పుడు మీ మెదడులో ఏం జరిగిందో నమోదు చేసుకుంటే... మిగతావాళ్లందరికీ యంత్రమే చెబుతుంది. మీకు మళ్లీ ఈ కష్టం ఉండదు. ఒక్కసారి తీగలు పెట్టుకుని అంటే చాలు."

మునెమ్మ ఆయన వంక చూసింది. ఆమె చూపులో కోపం లేదు.

"వద్దు సామీ. ఒకతూరి యంత్రంలో పెట్టినారు గదా, సూసినాము. ఇంగెంతమంది ఉండారు?"

"అరవై ఒక్కమంది," అంది ఇందుమతి.

"అందరూ నా బిడ్డ కోసరమే గదా సూస్తా ఉండేది? నేనే చెప్తా. పిలువు."

ఇందుమతి వద్దని చెప్పాలనుకుంది. రేపు చూద్దాం, ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోండి అనాలనుకుంది. బయట వరండాలో, ఆ రోజు తనిఖీకి వచ్చిన నర్సు రెడ్డెమ్మ పక్క కుర్చీ మీద సంచి పెట్టుకుని, గేటు వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఇందుమతి పోయి ఆమెను లోపలికి తీసుకొచ్చింది.

రెడ్డెమ్మ కూర్చుంది. మునెమ్మ ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది, పచ్చగౌను సంగతి చెప్పింది, పేరు చెప్పింది. రెడ్డెమ్మ ముఖం వెలిగింది. ఎక్కడుందమ్మా అని అడిగింది.

మునెమ్మ జవాబు చెప్పింది. రెండోసారి చెప్పడానికి మొదటిసారి కంటే ఎక్కువసేపు పట్టింది.